కొన్న వేగం, కోరని వేడి

కొత్త డెస్క్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ డబ్బా మీద 3600 అనో 6000 అనో ఉన్న అంకె చూసి నాలుగు డబ్బులు ఎక్కువే పెడతాం. ఇంటికొచ్చి స్విచ్ వేస్తే విండోస్ చక్కగా లేస్తుంది, సినిమా ఆడుతుంది, గేమ్ నడుస్తుంది. దాంతో పని అయిపోయిందనుకుంటాం. డబ్బా మీది అంకె దగ్గర ర్యామ్ నిజంగా నడుస్తోందా అని చూసేవాళ్లు తక్కువ. చాలా సిస్టమ్‌లలో నడవదు. 3600 అని కొన్న డీడీఆర్4 ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో, 6000 అని కొన్న డీడీఆర్5 ర్యామ్ 4800 దగ్గరో ఆగిపోయి ఉంటుంది. ఎవరో ఒకరు మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి చెప్పేదాకా అది అక్కడే ఉంటుంది.

అదే క్యాబినెట్‌లో ప్రాసెసర్ కథ దీనికి తలకిందులు. ఇన్ని వాట్లు దాటొద్దని తయారీ కంపెనీ చెప్పినా, కొన్ని మదర్‌బోర్డులు ఆ హద్దు తీసేసి వస్తాయి. పోటీ బోర్డు కంటే రెండు మార్కులు ఎక్కువ చూపించాలన్న తాపత్రయం వాటిది. వేడి, ఫ్యాన్ రొద, కరెంటు బిల్లు మాత్రం మనవి.

అంటే మదర్‌బోర్డు ర్యామ్ దగ్గర పిసినారి, ప్రాసెసర్ దగ్గర దుబారా మనిషి. ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది ఈ రెండు గుణాలనూ సరిచేయడం. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని రప్పించుకోవడం మొదటి పని. అడగని వేడిని తగ్గించుకోవడం రెండోది. కంపెనీ చెప్పినదాన్ని మించి వేగం పెంచడం ఆ తర్వాతి మాట. మొదటి రెండూ చేసుకున్నాక చాలామందికి ఆ మూడోదాని అవసరమే కనబడదు.

ముందు ఉన్నదేంటో చూడండి

బయోస్ తెరవకముందే విండోస్‌లో పావుగంట కూర్చోండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి మెమరీ మీద నొక్కితే స్పీడ్ అనే అంకె కనబడుతుంది. మీరు కొన్న అంకె అదేనా? ఎన్ని స్లాట్లలో ర్యామ్ ఉందో కూడా అక్కడే ఉంటుంది.

తర్వాత సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. అందులో మెమరీ ట్యాబ్ 1600 మెగాహెర్ట్జ్ అని చూపిస్తే షాపువాడు మోసం చేశాడని కంగారు పడొద్దు. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా అందిస్తుంది కాబట్టి ఆ 1600ను రెట్టింపు చేస్తే మీ 3200 వచ్చేస్తుంది.

మూడోది హెచ్‌డబ్ల్యూఇన్ఫో. ప్రాసెసర్ వేడి ఎంత, ఎన్ని వాట్లు తాగుతోంది అన్నది ఇందులో చూడాలి. దీన్ని తెరిచి ఉంచి, ప్రాసెసర్‌ను పరీక్షించి స్కోరు ఇచ్చే సినీబెంచ్‌ను పది నిమిషాలు నడపండి. వచ్చిన స్కోరు, అత్యధిక వేడి, వాట్లు, గది ఉష్ణోగ్రత ఒక నోటుబుక్‌లో రాసుకోండి. ఈ తొలి పద్దు లేకపోతే రేపు మీరు మార్చింది మేలు చేసిందో కీడు చేసిందో తేల్చుకునే దారి ఉండదు.

రెండు లెక్కలు వస్తే చాలు

మొదటి లెక్క ప్రాసెసర్‌ది. బేస్ క్లాక్‌ను మల్టిప్లయర్‌తో గుణిస్తే వేగం వస్తుంది. ఇప్పటి డెస్క్‌టాప్‌లలో బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్. మల్టిప్లయర్ 44 అయితే 4400, అంటే 4.4 గిగాహెర్ట్జ్. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడు ఔత్సాహికులు పండగ చేసుకున్నది ఈ గుణకారంతోనే. దాని మల్టిప్లయర్ 4.5, బస్సు వేగం 66. బస్సును 100కు మార్చితే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 దగ్గర పరిగెత్తేది. పైసా ఖర్చు లేకుండా సగానికి సగం ఎక్కువ వేగం!

ఆ రోజులు ఇప్పుడు లేవు. అప్పట్లో చిప్‌లో మిగిలి ఉండే సత్తువను ఇప్పుడు కంపెనీయే టర్బో పేరుతో వాడేస్తోంది. ఇంటెల్ కోర్ ఐ5-12400 బేస్ వేగం 2.5 గిగాహెర్ట్జ్ అయితే టర్బోలో అదే 4.4 దాకా వెళ్తుంది. మనం పిండుకోవడానికి మిగిలింది కొంచెమే. బేస్ క్లాక్‌ను కదిపితే దాని మీద ఆధారపడిన ఇతర భాగాలు కూడా తడబడవచ్చు కాబట్టి దాన్ని 100 దగ్గరే ఉంచండి.

రెండో లెక్క ర్యామ్‌ది. ర్యామ్ మీద 3600 సీఎల్18 అని రెండు అంకెలుంటాయి. మొదటిది ఎంత డేటా పారుతుందో చెబుతుంది, రెండోది అడిగాక ఎన్ని క్లాక్‌లు ఆగాలో చెబుతుంది. సీఎల్ అంకెను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆగే సమయం నానోసెకండ్లలో వస్తుంది. 3600 సీఎల్18కి పది నానోసెకండ్లు. 3200 సీఎల్16కి, 6000 సీఎల్30కి కూడా అంతే. అదే 6000 సీఎల్36 అయితే పన్నెండు. డబ్బా మీద పెద్ద అంకె ఒక్కటే చూసి కొంటే ఈ తేడా తెలియదు.

ఇప్పుడు పిసినారితనం ఖరీదు కట్టండి. బయోస్‌లో ఏమీ ముట్టుకోకపోతే ఆ 3600 ర్యామ్ 2133 సీఎల్15 దగ్గర నడుస్తోందనుకుందాం. ఆగే సమయం 14 నానోసెకండ్లు దాటింది. ఒక్కో ఛానల్‌లో సెకనుకు 28.8 గిగాబైట్లు పారాల్సిన చోట 17 పారుతున్నాయి. బ్రౌజర్‌లో వార్తలు చదివేవారికి ఇది తెలియకపోవచ్చు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే గేమ్ ఆడేవారికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు. అది కూడా ఈ ర్యామ్ మీదే బతకాలి.

వెనక్కి వచ్చే దారి

సెట్టింగులు మార్చడం కంటే ముందు వెనక్కి రావడం నేర్చుకోవాలి. నాలుగు జాగ్రత్తలు తీసుకోండి.

ఒకటి, ముఖ్యమైన ఫైళ్లకు బ్యాకప్. రెండు, బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోవడం. బయోస్ అప్‌డేట్ తర్వాత విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది. మూడు, బయోస్‌లోని ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసుకోవడం. అంతా రీసెట్ అయినప్పుడు బూట్ వరస, డిస్కు మోడ్ వంటివి మళ్లీ ఎలా పెట్టాలో ఆ ఫొటోలే చెబుతాయి. నాలుగు, బోర్డు మాన్యువల్‌లో క్లియర్ సీమాస్ పిన్నులు ఎక్కడున్నాయో వెతికి పెట్టుకోవడం.

సిస్టమ్ అసలు లేవకపోతే ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి ఉంచండి. తర్వాత ఆ రెండు పిన్నులను కొన్ని సెకన్లు కలపండి. పిన్నులు చేతికి అందకపోతే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని తీసి, కొన్ని నిమిషాలాగి తిరిగి పెట్టినా సెట్టింగులు మొదటికొస్తాయి.

బయోస్ పాతదైతే ముందు దాన్ని అప్‌డేట్ చేయండి. ర్యామ్ పొంతన సమస్యలు చాలావరకు అక్కడే తీరతాయి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మూలన పడే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ మీదే చేయాలి. అప్‌డేట్ అయ్యాక పాత సెట్టింగులు చెరిగిపోతాయన్నదీ గుర్తుంచుకోండి.

పిసినారితనం వదిలించడం

ముందు క్యాబినెట్ తెరిచి చూడండి. నాలుగు స్లాట్లుండి రెండు స్టిక్‌లే ఉంటే, చాలా బోర్డులలో అవి ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టినప్పుడు రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి. మాన్యువల్‌లో వీటినే ఏ2, బీ2 అంటారు. మొదటి రెండు స్లాట్లలో పక్కపక్కన గుచ్చితే రెండూ ఒకే ఛానల్‌లోకి పోయి, ఉన్న దారిలో సగం మూతపడుతుంది. ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు మేలనేది ఈ ఛానళ్ల లెక్కతోనే.

తర్వాత సిస్టమ్ స్విచ్ వేసి డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొడుతూ బయోస్‌లోకి వెళ్లండి. ర్యామ్ స్టిక్ మీద చిన్న చిప్ ఒకటి ఉంటుంది. అది ఏ వేగంలో, ఏ టైమింగ్స్‌తో, ఎన్ని వోల్టుల దగ్గర పనిచేయగలదో తయారీదారు అందులోనే రాసి పెడతాడు. ఇంటెల్ 2007లో తెచ్చిన ఈ ఏర్పాటు పేరు ఎక్స్‌ఎంపీ. ఏఎండీ డీడీఆర్5 కోసం 2022లో రైజెన్ 7000తో పాటు తెచ్చినది ఎక్స్‌పో. ఏసుస్ వారి ఏఎండీ బోర్డులలో ఎక్స్‌ఎంపీయే డీఓసీపీ పేరుతో కనబడవచ్చు. ఆ ప్రొఫైల్‌ను ఎంచుకుని ఎఫ్10 కొట్టి సేవ్ చేయడమే మీ పని.

ఆ ఒక్క ఎంపికతో వోల్టేజీ కూడా మారుతుంది. డీడీఆర్4 ప్రమాణం 1.2 వోల్టులైతే ప్రొఫైల్‌లో మామూలుగా 1.35 ఉంటుంది. డీడీఆర్5 ప్రమాణం 1.1. దాని ప్రొఫైల్‌లోనూ 1.35 దాకా ఉండటం మామూలే. ప్రొఫైల్ అడిగిన వోల్టేజీ ఆ స్టిక్‌కు పరీక్షించి పెట్టినదే కాబట్టి భయం లేదు. అయితే ప్రాసెసర్ కంపెనీ లెక్కలో ఇది స్పెసిఫికేషన్ దాటడమే. అది వారంటీ మీద ప్రభావం చూపవచ్చని కంపెనీలు షరతుల్లో రాసుకుంటాయి. చదివి, తెలిసి చేయండి.

సేవ్ చేశాక తెర నల్లగా ఉండిపోతే వెంటనే స్విచ్ కట్టేయకండి. బోర్డు ర్యామ్‌తో పొంతన కుదుర్చుకుంటోంది, దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5 బోర్డులలో మొదటిసారి ఇది కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది.

ప్రొఫైల్ నిలబడకపోతే ర్యామ్ చెడిందని తీర్మానించొద్దు. ప్రొఫైల్‌ను అలాగే ఉంచి వేగం ఒక్క మెట్టు దించండి. 3600 కుదరకపోతే 3466, అదీ కాకపోతే 3200. నాలుగు స్టిక్‌లు గుచ్చినవారికి ఈ ఇబ్బంది ఎక్కువ. రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్‌లకు 5200, నాలుగింటికి 3600 మాత్రమే. 32 జీబీ కావాలంటే రెండు 16లు ఒకే ప్యాక్‌లో కొనడం తెలివైన పని. ఏడాది తర్వాత అదే మోడల్ ఇంకో జత తెచ్చి కలిపినా లోపలి చిప్‌లు వేరుగా ఉండవచ్చు.

పెద్ద అంకె ప్రతిసారీ మంచిది కాదనడానికి రైజెన్ మంచి ఉదాహరణ. రైజెన్ 5000లో ర్యామ్ క్లాక్, ప్రాసెసర్ లోపలి ఫ్యాబ్రిక్ క్లాక్ ఒకదానికొకటి సమానంగా నడిస్తేనే ఫలితం. 3600 ర్యామ్‌కు రెండూ 1800 దగ్గర కలుస్తాయి. 4000 ర్యామ్ పెడితే ఫ్యాబ్రిక్ 2000 అందుకోవాలి. చాలా చిప్‌లు అందుకోలేవు. అప్పుడు బోర్డు ఆ జోడీని విడగొడుతుంది, ఆగే సమయం పెరుగుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ వేగం కొన్నట్టవుతుంది. రైజెన్ 7000కు సరిగ్గా కుదిరే అంకె 6000. ఇంటెల్ 12, 13 తరాలలో డీడీఆర్4 వాడేవారు ర్యామ్, మెమరీ కంట్రోలర్ సమాన వేగంతో నడిచే గేర్ 1 ఉందో లేదో చూసుకోవాలి. డీడీఆర్5 అయితే గేర్ 2 ఉండటం సహజం.

దుబారాకు కళ్లెం

ఇప్పుడు ప్రాసెసర్. ఇంటెల్ బోర్డులలో పీఎల్1, పీఎల్2 అని రెండు హద్దులుంటాయి. చాలాసేపు నడిచే పనికి మొదటిది, కాసేపటి ఉరుకుకు రెండోది. ఐ5-12400కు అవి 65, 117 వాట్లు. ఐ9-13900కేకు 125, 253. బయోస్‌లో ఈ గడిలో 4096 అని కనబడితే హద్దు లేదని అర్థం. ఏ డెస్క్‌టాప్ చిప్పూ నాలుగు వేల వాట్లు తాగదు, బోర్డు గేటు తీసేసిందంతే. మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ వంటి పేర్లతో కోర్లన్నిటినీ గరిష్ఠ వేగానికి ఉసిగొల్పే ఆప్షన్లు కూడా ఉంటాయి.

దీని పర్యవసానం 2024లో లోకమంతా చూసింది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ చిప్‌లు గేమ్‌ల మధ్యలో కూలిపోవడం మొదలైంది. చిప్ అవసరానికి మించి వోల్టేజీ అడగడం అసలు జబ్బులో భాగమని ఇంటెల్ తేల్చి, ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్‌తో ఆ వోల్టేజీకి పైహద్దు పెట్టింది. తమ సిఫారసు దాటిన బోర్డు పవర్ సెట్టింగులను కూడా కారణాల్లో ఒకటిగా చెప్పింది. వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. ఈ తరాల చిప్ మీ దగ్గరుంటే కొత్త బయోస్ వేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అనే ప్రొఫైల్‌ను ఎంచుకోవడం ఈ అధ్యాయంలోకెల్లా ముఖ్యమైన పని.

ఏఎండీ వైపూ ఇలాంటి పాఠమే 2023లో వచ్చింది. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని విపరీతంగా పెంచేశాయి, రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయాయి. తర్వాత ఏఎండీ ఆ వోల్టేజీని 1.3 దగ్గర కట్టేసింది. ఆటో అని రాసి ఉన్న ప్రతి గడి వెనకా బోర్డు కంపెనీ తీసుకున్న నిర్ణయం ఒకటుంటుంది. అది మన మేలు కోరే తీసుకున్నదని అనుకోనక్కర్లేదు.

వోల్టేజీ ఇంత కీలకం కావడానికి కారణం లెక్కలో ఉంది. చిప్ తినే కరెంటు వోల్టేజీ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగాన్ని 5 శాతం పెంచడానికి వోల్టేజీ 10 శాతం పెంచారనుకోండి. 1.1 వర్గం 1.21, దాన్ని 1.05తో గుణిస్తే 1.27. అయిదు శాతం వేగానికి ఇరవై ఏడు శాతం అదనపు వేడి! ఈ లెక్క తిరగేస్తే మనకు లాభం. కాస్త వేగం వదులుకుంటే చాలా వేడి తగ్గుతుంది.

ఏఎండీలో దీనికి ఎకో మోడ్ ఉంది. 105 వాట్ల రైజెన్ నిజానికి సాకెట్ నుంచి 142 వాట్ల దాకా తీసుకోగలదు. 65 వాట్ల ఎకో మోడ్ పెడితే అది 88 దగ్గర ఆగుతుంది. మరో మార్గం కోర్ల వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్. అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టి, పరీక్షించుకుంటూ దిగండి. ఇది ఎక్కువైతే సిస్టమ్ బరువు పనిలో కాకుండా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది. ఆ లక్షణం కనబడితే ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఇంత చెప్పాక కూడా వేగం పెంచాలనిపిస్తే ముందు అర్హత చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర కే ఉన్న చిప్, జెడ్ రకం బోర్డు రెండూ ఉంటేనే మల్టిప్లయర్ కదులుతుంది. బీ660, బీ760 బోర్డులలో ర్యామ్ వేగం మాత్రం పెంచుకోవచ్చు. హెచ్610లో అదీ కుదరదు. ఏఎండీలో బీ, ఎక్స్ రకం బోర్డులు ఒప్పుకుంటాయి. రైజెన్ 5 5600ఎక్స్ ఒక్క కోర్ పనిలో 4.6 గిగాహెర్ట్జ్ దాకా తనంతట తానే ఎగురుతుంది. అన్ని కోర్లనూ 4.4 దగ్గర బిగిస్తే ఆ ఎగురుడు పోతుంది.

పరీక్ష లేనిది నమ్మకం లేదు

విండోస్ లేచింది కదా అని సెట్టింగ్ నిలబడిందనుకోవద్దు. ర్యామ్ తప్పులు చప్పుడు చేయవు. జిప్ ఫైలు తెరుచుకోదు, అప్‌డేట్ విఫలమవుతుంది, ఫొటో సగం బూడిదరంగులోకి మారుతుంది. నెల తర్వాత కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.

మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ మీద వేసి, రాత్రి పడుకునే ముందు నడిపి, నాలుగు పాస్‌లు పూర్తికానివ్వండి. ఒక్క తప్పు వచ్చినా ఫెయిలే. ఇక్కడ పాస్ మార్కు నూటికి నూరు. తర్వాత ప్రాసెసర్‌ను పరీక్షించే ఓసీసీటీ లేదా ప్రైమ్95 ఒక గంట. ఆఖరున ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ పేరుతో హార్డ్‌వేర్ తప్పులేమైనా నమోదయ్యాయేమో చూడండి.

మన ఊళ్లలో మరో పరీక్ష ఉంది, ఎండాకాలం. కూలర్ చేయగలిగింది గది ఉష్ణోగ్రతకూ చిప్ ఉష్ణోగ్రతకూ మధ్య తేడాను నిలబెట్టడమే. డిసెంబరులో 24 డిగ్రీల గదిలో చిప్ 82 దగ్గర ఉంటే తేడా 58. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38కి చేరితే అదే చిప్ 96కు వస్తుంది. రైజెన్ 7000 హద్దు మామూలుగా 95, ఇంటెల్ చిప్‌ల హద్దు చాలావరకు 100. హద్దు తగిలితే చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే చలికాలంలో పెంచుకున్నది వేసవిలో దానంతటదే పోతుంది. అందుకే చలికాలంలో సెట్ చేసేవారు కనీసం 15 డిగ్రీలు వదిలి ఆగాలి. దుమ్ము పట్టిన ఫిల్టర్లకు ఇంకొంచెం కలుపుకోండి.

కరెంటు లెక్క కూడా వేసుకోవచ్చు. వీడియో రెండరింగ్ వంటి పనికి రోజుకు ఎనిమిది గంటలు సిస్టమ్ నిండుగా నడుస్తుంటే, వంద వాట్లు తగ్గించడం రోజుకు 0.8 యూనిట్ ఆదా. నెలకు 24 యూనిట్లు.

ఈ వారాంతానికి అభ్యాసం

శనివారం పొద్దున: తొలి పద్దు రాయండి, బ్యాకప్ తీయండి, బయోస్ పేజీలకు ఫొటోలు తీయండి. అవసరమైతే బయోస్ అప్‌డేట్.

శనివారం సాయంత్రం: స్లాట్లు సరిచూసి, ర్యామ్ ప్రొఫైల్ ఒక్కటే ఆన్ చేయండి. రాత్రికి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి.

ఆదివారం పొద్దున: తప్పుల్లేకపోతే పవర్ హద్దులు సరిచేయండి. సినీబెంచ్ మళ్లీ నడిపి, స్కోరు, వేడి, వాట్లు తొలి పద్దు పక్కన రాయండి.

ఆదివారం సాయంత్రం: రెండు పద్దులు పోల్చండి. స్కోరు రెండు మూడు శాతం తగ్గి, వేడి బాగా దిగితే అది గెలుపే. కావాలంటే కర్వ్ ఆప్టిమైజర్ వంటివి వచ్చే వారాంతానికి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్న నియమాన్ని ఎక్కడా తప్పొద్దు. రెండు కలిపి మారిస్తే, సిస్టమ్ కూలినప్పుడు దోషి ఏదో తెలియక రెండూ వెనక్కి తీయాల్సి వస్తుంది. మిగిల్చుకోవాలనుకున్న సమయం రెండింతలై పోతుంది.

నెల రోజులు ఏ తకరారూ లేకుండా నడిస్తే ఆఖరి అంకెలను నోటుబుక్‌లో రాసి, ఆ సెట్టింగులను బయోస్‌లోనే ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి. ఇక కొత్త ర్యామ్ కొన్నప్పుడో, బోర్డు కంపెనీ ముఖ్యమైన అప్‌డేట్ ఇచ్చినప్పుడో తప్ప ఆ డిలీట్ కీ జోలికి వెళ్లాల్సిన పని లేదు.